పెట్టెకి ఎడమ మూల

అరబా స్పీకర్ వైరు ఊడబీకింది. అయినా పెట్టెలోంచి గుంయ్‌మనే మోత ఆగలేదు.

"చూశావా కొబినా, ఇది స్పీకర్ గోల కాదు. లోపల ఇనుమే మూలుగుతోంది" అంది.

కొబినా మొహం వేలాడేశాడు. ఆ పాత వాల్వుల యాంప్లిఫైయర్ వాళ్ళ నాన్న ఓటూది. సెకొండి రేవులో ముసలి ఓటూ గిటారు అంటే ఆ పెట్టె గొంతే. శనివారం ఆయన మొదటి సంవత్సరీకం. ఆయన చివరగా కట్టిన పాట ఇంతవరకూ ఎక్కడా రికార్డు కాలేదు. దాన్ని చర్చి హాల్లో కొబినా ఒక్కడే గిటారు మీద వాయించాలి, రేడియో వాళ్ళు వచ్చి రికార్డు చేసుకోవాలి. చెవిలో చెప్పినంత మెల్లగా సాగే పాట అది. పెట్టె మూలిగితే అందులో సగం వినపడదు.

వేరే పెట్టె అద్దెకి తెచ్చుకోరాదా అని అరబా అడిగింది.

"నాన్న గొంతు అద్దెకి దొరకదక్కా."

ఆ మాట అరబాకి తగిలింది. రేవు బజార్లో రేడియోలు బాగుచేసే ఆమె మొండితనం అందరికీ తెలిసిందే. చేతికొచ్చిన వస్తువు దారికొచ్చేదాకా అన్నం ముట్టదని మొగుడే ఊరంతా చెప్పుకుంటాడు.

వాల్వులు, కండెన్సర్లు ముందే మార్చేసింది. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద పడింది. బోల్టులు బిగించింది. కింద రబ్బరు వాషర్లు వేసింది. లోపలి ఇనుప రేకుల సందుల్లో వార్నిష్ పోసి ఆరబెట్టింది. స్విచ్ వేస్తే మళ్ళీ అదే మోత. సముద్రపు గాలికి రేకులు తుప్పు పట్టి వదులైపోయాయని, ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు ఎవరూ చెయ్యటం లేదని చెప్పింది.

నాన్న ఉన్నన్నాళ్ళూ ఇది కిక్కురుమనలేదని, ఆయన పోయాక ఏడాదిగా దీన్ని ఎవరూ ముట్టలేదని కొబినా వాపోయాడు.

"అయితే అప్పుడు ఉండి ఇప్పుడు లేనిదేంటో చెప్పు."

"అన్నీ ఉన్నాయక్కా. బ్యాండులో తగ్గింది ఇద్దరే. నాన్న, అగ్బెకో తాత."

"అగ్బెకో ఏం వాయించేవాడు?"

"ఏం వాయించేవాడు కాదు. తినేవాడు."

అగ్బెకో తూర్పు నుంచి ఏదో పడవలో వచ్చిన మనిషి. ఎవరివాడో ఎవరికీ తెలియదు. నాన్న ఆయన్ని ప్రతి కార్యక్రమానికీ వ్యాన్లో ఎక్కించుకుని వెళ్ళేవాడు. ఆయన వెళ్ళి ఈ పెట్టె మీద ఎడమ మూలన కూర్చునేవాడు. ఆయన కూర్చోందే నాన్న పాట ఎత్తుకునేవాడు కాదు. ఇక ఆట ముగిసేదాకా మనిషి కదిలితే ఒట్టు. చేప, మొక్కజొన్న కెంకే ముద్ద వస్తే కంచం కూడా ఆయన దగ్గరికే వెళ్ళాలి. ఆయన ఎడమ కాలి రబ్బరు చెప్పుకి మడమ దగ్గర పెద్ద ముక్క లేదు. పడుకున్నప్పుడు ఎలుక కొరికినా తాత లేచి ఉండడని బ్యాండు వాళ్ళు నవ్వుకునేవారు.

నాన్నని సమాధి చేసిన వారంలోనే, ఇకనుంచి పనిచేసేవాళ్ళకే వ్యాన్లో చోటని కొబినా ఆయనకి చెప్పేశాడు.

"సరే బాబూ. పెట్టెని మాత్రం ఒంటరిగా వదలకు" అని ఆయన సంచీ భుజానేసుకుని వెళ్ళిపోయాడు. దొంగల భయం కాబోలనుకున్నాడు కొబినా.

అరబా అలసిపోయి పెట్టె ఎడమ మూల మీద మోచేతులు ఆనించి ఒరిగింది.

మోత ఆగిపోయింది.

చేతులు తీసింది. మోత మొదలైంది. మళ్ళీ ఆనించింది. ఆగింది.

స్విచ్ కట్టేసి మూత ఊడదీసి తిరగేసింది. ట్రాన్స్‌ఫార్మర్‌కి సరిగ్గా పైన, మూత లోపలివైపు, ఒక నల్లటి రబ్బరు ముక్క అంటించి ఉంది. ఒక అంచు గుండ్రంగా, మడమ ఆకారంలో అరిగి ఉంది.

"మీద బరువు పడితే ఇది దిగి రేకుల్ని అదిమి పట్టుకుంటుంది. ఎవరు పెట్టారో గానీ బుర్ర ఉన్న మనిషే" అంది అరబా.

కొబినా ఆ ముక్కని వేలితో తడిమాడు.

అరబా మూత బిగించి, మీద బండరాయి పెట్టి చూసింది. రాయి తనే గడగడలాడింది. ఇసుక మూట పెడితే అది పక్కకి జారింది. మోత పెరిగినప్పుడల్లా సర్దుకుని ఒత్తేది మనిషి ఒళ్ళే.

కొబినా బస్‌స్టాండు వైపు పరుగెత్తాడు. అగ్బెకో పడుకునే చోటు అక్కడే, కెంకే అమ్మే ఆవిడ పందిరి కింద.

పోయిన వానల్లోనే పోయాడని ఆవిడ చెప్పింది. "రేడియోలో మీ నాన్న పాట వస్తే ఎక్కడున్నా వచ్చి కూర్చునేవాడు. అయిపోయేదాకా లేచేవాడు కాదు. ఏం తాతా అంటే, నేను లేస్తే పాట పాడవుతుందనేవాడు. పిచ్చి ముసలాడనుకున్నాం."

కొబినాకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళూ ఆ మనిషి తిన్న కంచమే చూశాడు గానీ కూర్చున్న చోటు చూడలేదు.

శనివారం హాలు నిండింది. కొబినా గిటారు పట్టుకుని వచ్చి పెట్టె మీద ఎడమ మూలన కూర్చున్నాడు. పెట్టె నోరు మూసుకుంది. అప్పుడు నాన్న పాట ఎత్తుకున్నాడు. సగానికొచ్చేసరికి కింద చెక్క కాలిపోతోంది, కాలు తిమ్మిరెక్కింది. పళ్ళు బిగించి చివరిదాకా వాయించాడు. నాన్న మళ్ళీ వచ్చి వాయించినట్టుందని ముందు వరసలో ఎవరో ఏడ్చారు.

పాట అయ్యాక రేడియో అతను బ్యాండు పేర్లు అడిగాడు. కొబినా ఒక్కొక్కరి పేరూ, వాళ్ళు వాయించేదీ చెప్పుకుంటూ వచ్చి, ఆఖర్న అగ్బెకో అన్నాడు.

"ఆయనేం వాయించేవారు?"

కొబినా ఇంకా పెట్టె మీంచి లేవలేదు.

"ఆయన కూర్చుంటేనే మేమందరం వాయించగలిగేవాళ్ళం."