ముడతల మొహం

దూడ పోయినప్పటి నుంచి సింగారి అనే గేదె పాలు చేపడం మానేసింది. బోసిపోయిన కొట్టంలో తోడుగా చిన్న కుక్కనొకదాన్ని పెంచుకుందామని కుక్కపిల్లల దొడ్డికి వెళ్లింది. ఏ జాతిది మంచిదో దానికేం తెలుసు?

“రోజూ నా బొచ్చు దువ్వాలి. దువ్వెన ఉందా?” అంది తెల్లటి పామరేనియన్.

“రోజూ నాతో పరుగెత్తాలి. నీవల్ల అవుతుందా?” అంది పొట్టికాళ్ల డాషండ్.

సింగారి తల దించుకుని వెనక్కి తిరిగింది.

మూలనున్న పగ్ పిల్ల మెల్లగా అంది: “నా మొహం ముడతల్లో మట్టి చేరుతుందమ్మా. రోజూ తుడవాలి. అందుకే నన్నెవరూ తీసుకుపోరు.”

“తుడవడానికి గుడ్డ లేదు నాన్నా. నాలుకైతే ఉంది. చాలా?”

పగ్ మొహం పైకెత్తింది.

ఆ సాయంత్రం కొట్టంలో ఒక్కో ముడతా నాకుతుండగానే, సింగారి పొదుగు చేపుకొచ్చింది.