ఒకటే నవ్వు

“బడి. అను. బ... డి.”

ప్రసన్నకుమారి కార్డును కూతురి కళ్ల ముందు పెట్టింది. స్రవంతి దాన్ని తీసుకుని చూసింది. తలకిందులు చేసి అమ్మ చేతికే ఇచ్చింది.

“అట్ల కాదు మే. సక్కగా పట్టుకో.” ప్రసన్న కార్డు తిప్పి మళ్లీ ఇచ్చింది. “ఇదేంది? బడి. నోరు తెరువు.”

స్రవంతి నోరు తెరవలేదు. కార్డును మళ్లీ తలకిందులు చేసింది.

పిల్లకు ఆరేళ్లు నిండుతున్నాయి. చెవులు బాగానే వినిపిస్తున్నాయని డాక్టరు చెప్పాడు. మాట మాత్రం రాలేదు. జూన్‌లోగా పది మాటలైనా పలక్కపోతే ఒకటో తరగతిలోకి చేర్చుకోబోమని ఇప్పుడు వెళ్తున్న బళ్లోనే తేల్చేశారు. అప్పట్నుంచి ప్రసన్నకు అన్నం సయించడం లేదు. తను పనిచేసే డీటీపీ సెంటర్లోనే, పని అయ్యాక కూర్చుని, కంప్యూటర్లో కోరల్ డ్రా మీద ఈ కార్డులు గీసింది. బడి, అన్నం, నీళ్లు, బస్సు, ఆయా, అమ్మ... మొత్తం పన్నెండు. కింద పెద్దక్షరాలతో పేర్లు. బొమ్మలు ఆమెకు పెద్దగా రావు. ఒక గుండ్రటి మొగం, కళ్లకు రెండు చుక్కలు, నోటికి దోనెలా వంగిన ఒక గీత. ఆ నవ్వుమొగాన్ని ఒక్కసారి గీసుకుని పన్నెండింటిలోనూ కాపీ చేసింది. బడి గోడ మీదా అదే నవ్వు, బస్సు ముందరా అదే నవ్వు.

నెల నుంచి రోజూ పొద్దున అరగంట పాఠం. వారం నుంచి ఈ తిప్పడం మొదలైంది.

మూడోసారీ కార్డు తలకిందులుగానే వచ్చింది. తెలియకుండానే ప్రసన్న చెయ్యి లేచింది. పిల్ల చెంప మీద నాలుగు వేళ్లూ తేలాయి.

“మొండితనమా నీకు? నా మాదిరి ఎనిమిదో క్లాసుతో నిలిచిపోయి ఒకరి దగ్గర మౌసు పట్టుకుని కూర్చుంటావా?”

స్రవంతి ఏడవలేదు. కార్డులన్నీ ఏరుకుని ఒక్కొక్కటే తిప్పి పేర్చుకుంది. రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకుంది. తనే చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది.

పాపను బడి దగ్గర దించి ప్రసన్న సెంటరుకు వచ్చేసరికి పది దాటింది. ఓనరు రాజారత్నం పళ్ల డాక్టరు కరపత్రం ముందేసుకుని కాచుకుని ఉన్నాడు. దానికి ఆమె నిన్న పెట్టిన నవ్వుమొగాన్ని చూసి నవ్వాడు.

“ఏం ప్రసన్నా, పన్ను పీకించుకునేదానికి వచ్చినోడు ఇట్ల పండ్లికిలిస్తాడా? వచ్చేటప్పుడు ఏడుపు, పొయ్యేటప్పుడు నవ్వు. రెండు మొగాలు కావల.”

“ఏడుపు మొగం నాకు రాదన్నా.”

“కొత్తగా గీసేదేముండాది? నోరొక్కటి పట్టుకుని కిందామీదా చెయ్. అయిపాయ.”

ప్రసన్న నోటిగీత పట్టుకోబోయింది. పొద్దున పాపను కొట్టిన చెయ్యి అదే. మౌసు పక్కకు జారింది. మొగమంతా సెలెక్ట్ అయిపోయి, తిప్పేసరికి బొమ్మ మొత్తం తలకిందులైంది.

“భలే ఏడస్తా ఉండాడే” అన్నాడు రాజారత్నం.

ప్రసన్న తెర మీది నుంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. నవ్వు గీత కిందికి వంగిపోయి ఉంది. వారం నుంచి తన చేతికి వస్తున్న బొమ్మ ఇదే. మాట రాని పిల్ల, చేతిలో ఉన్న కార్డుతోనే ఏడుపు చెప్పుకుంది. తను ప్రతిసారీ దాన్ని తిప్పి నవ్వు చేసి ఇచ్చింది.

బడి కార్డులో ఏడుపు. అంటే బళ్లో ఎవరో పాపను ఏడిపిస్తున్నారు. తను కొట్టి మరీ అక్కడికే పంపింది.

“అన్నా, గంటలో వస్తా” అంటూనే మెట్లు దిగింది.

బడి గేటు దగ్గర ఆయా సుబ్బులమ్మ చాట పట్టుకుని బియ్యం ఏరుతోంది.

“ఎవురు కొడతా ఉండారు నా బిడ్డను?” ప్రసన్న గేటు తోసుకుని వచ్చింది.

“ఈడెవురు కొడతారమ్మా? అదో, ఇసకలో ఆడుకుంటా ఉండాది సూడు.”

“నాకు తెల్సు. బడంటే ఏడుపని వారం నుంచి చెప్తా ఉండాది.”

“చెప్పిందా? నోటితోనా?”

“కార్డు తిప్పి చెప్పింది. నేనే కనుక్కోలేకపోయినా.”

“ఓ, ఆ కార్డులా.” సుబ్బులమ్మ చాట కింద పెట్టింది. “నువ్వు దించిపోయేటప్పుడు కట్టంతా తలకిందులుగానే ఉంటాదమ్మా. నువ్వు సందు మలుపు తిరిగినాక ఈ మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే సరిచేసుకుంటాది. బడి తిప్పుతాది. అన్నం తిప్పుతాది. ఆయా కార్డు తిప్పి నా మొగం పక్కన పెట్టి సూస్తాది. ఆ బొమ్మంత సక్కదనం నాకు యాడుండాది గానీ.” నవ్వబోయి, ప్రసన్న ముఖం చూసి ఆగింది. “ఒక్కటి మాత్రం తిప్పదు. ఎందుకో నాకూ తెలీదు.”

ప్రసన్న ఇసుక దగ్గరికి నడిచింది. స్రవంతి కార్డులను వరసగా ఇసుకలో గుచ్చి నిలబెట్టింది. బడి, అన్నం, నీళ్లు, బస్సు, ఆయా... పదకొండు మొగాలూ నవ్వుతున్నాయి.

అమ్మను చూసి స్రవంతి లేచింది. చెంప మీద వేళ్ల గుర్తులు ఇంకా పోలేదు. ఒళ్లో మిగిలిన పన్నెండో కార్డును, పొద్దున ఇచ్చినట్టే తలకిందులుగా తెచ్చి చేతిలో పెట్టింది.

ప్రసన్న ఈసారి దాన్ని తిప్పలేదు. తలకిందులుగానే ఆ రెండక్షరాలు చదువుకుంది. ‘అమ్మ.’