ఇద్దరి సభ

చేపలమ్మే ధనలక్ష్మి చేతికిచ్చి చూపించిన ఫోనులో, అమెరికా ప్రెసిడెంటు పదవికి ఇద్దరే వాదించుకుంటున్నారు.

“పోటీలో ఇంకా కొందరుండారంటివే, వాళ్లేరీ?” అన్నాడు ఊరిపెద్ద ఓబయ్య.

“సర్వేలో నూటికి పదిహేనుమంది మద్దతుంటేనే పిలుస్తారంట మామా.”

ఓబయ్య పగలబడి నవ్వాడు. “మాటే వినకుండా మద్దతెవడిస్తాడే? మన రేవులో వేలంపాటకి సొరచేపొచ్చినా నోరెత్తనిస్తాం.”

“అయితే సాయంత్రం సర్పంచి అభ్యర్థుల సభలో నన్నూ మాట్లాడనియ్యి. నేనూ నామినేషనేసినా గదా. మేం చేపలెండేసుకునే దిబ్బని రొయ్యల గుంటలకిచ్చేస్తామని మిగతా ఇద్దరూ ఒకే మాట మీదుండారు. వద్దనేదాన్ని నేనొక్కదాన్నే.”

ఓబయ్య నవ్వు ఆగింది. “కుర్చీలు రెండే తెప్పించినారమ్మా.”

“నిలబడే మాట్లాడతా.”

ఓబయ్య ఫోను ఆమె చేతికిచ్చేశాడు.

“పేరుకే నేను పెద్దని. పందిరీ, మైకూ ఆ ఇద్దరివీ తల్లీ.”