రెండంగుళాలు కిందికి

"వద్దు బాబాయ్," అన్నాడు నాని మూడోసారి.

కార్లను కిందికి దించడంలో ఖమ్మం మొత్తానికి నానిది చెయ్యి తిరిగిన పని. వైరా, మధిర కుర్రాళ్లు షోకు కోసం అతని షెడ్డుకే వస్తారు. కానీ యాభై దాటిన రెడ్యా, ఒక ఆఫీసుకు నెల కిరాయికి తిప్పే తెల్ల కారు తెచ్చి, రెండంగుళాలు దించమంటున్నాడు. ఉండేదేమో భద్రాచలం అడవి అంచున తండాలో.

"మీ తండా రోడ్డు నాకు తెలుసు. నాలుగు కిలోమీటర్లూ గుంటలే. దీని పొట్ట చీరుకుపోద్ది. కారు పాడైతే నీ కిరాయి కూడా పోద్ది."

"పోతే పోనీ. ఏమేం ఉన్నయో చూపియ్."

నాని సామాను బల్ల మీద పెట్టాడు. మొదటివి పొట్టి స్ప్రింగులు. కారును మళ్లీ ఎత్తాలంటే వాటిని పూర్తిగా విప్పి మార్చాలి. రెడ్యా పక్కకు జరిపాడు. రెండోవి గాలి నింపే బుడగలు. స్విచ్ నొక్కితే కారు దిగుతుంది, లేస్తుంది. కూర్చుంటే దూది మీద ఉన్నట్టుంటుందట.

"దూది నాకొద్దు," అన్నాడు రెడ్యా.

మూడోది కాయిలోవర్. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటే. స్పానర్‌తో రింగు తిప్పి ఎంత కావాలంటే అంత దించొచ్చు, మళ్లీ ఎత్తొచ్చు. పైనున్న నాబ్ తిప్పితే మెత్తగానో గట్టిగానో మారుతుంది.

రెడ్యా దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "వెనక ఎంత గట్టిగ పెట్టొచ్చు?"

నానికి నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "చివరిదాకా తిప్పితే, చక్రం చీమ మీద ఎక్కినా వెన్నుపూసకు తెలిసిపోద్ది."

"చివరిదాక తిప్పు. ముందు మాత్రం మెత్తగ ఉండనీ. నా నడుము పాతది."

"నీ బండెక్కితే పసిపిల్లల్లా నిద్రపోతారంటారు బాబాయ్. ఎంత గుంటనైనా తెలియనివ్వవంట. ఆ పేరు పోగొట్టుకుంటావా?"

రెడ్యా కాయిలోవర్‌ను తిరిగి బల్ల మీద పెట్టాడు.

"ఆ పేరే మా కొంప ముంచింది," అన్నాడు.

ఆ సాయంత్రం కారును మెయిన్ రోడ్డు మీద దస్రు టీకొట్టు పక్కన ఆపి, తండాకు నడిచి వెళ్లాడు. కిందికి దిగిన కారును చూసి దస్రు పెళ్లికొడుకువా అని ఎగతాళి చేశాడు. అంతటితో ఆగక ఇంటికి ఫోన్ కూడా చేశాడు.

రెడ్యా వాకిట్లో అడుగు పెట్టేసరికి భార్య రూప్లి ఎదురొచ్చింది. కోడలు ప్రమీలకు తొమ్మిదో నెల. ఆ గుంటల్లోకి అంబులెన్స్ రానంటుంది. పోయిన వానాకాలం తండాలోనే ఉండే దేవ్లా భార్యను మంచం మీద మోసుకెళ్తుంటే బిడ్డ దారిలోనే పోయింది. అప్పుడు రెడ్యా డ్యూటీలో ఉన్నాడు. తండాకంతటికీ ఉన్నది ఆ ఒక్క కారే.

"దాన్ని కూడ నేలకు అంటించినవ్. నొప్పులొస్తే పిల్లను దేని మీద తీస్కపోతవ్?"

"మళ్ల ఎత్తుడు గంట పని. స్పానర్ జేబుల్నే ఉన్నది."

"మరి దించుడు ఎందుకు?"

"పిల్ల కోసమే."

ఆమెకు అర్థం కాలేదు. కారు పాడై కిరాయి పోతే ఏం తింటామని అడిగింది.

"ఇన్నేండ్లు మంచిగ నడిపి తిన్న," అన్నాడు రెడ్యా. "ఇంక ఆ బువ్వ దిగుతలేదు."

రూప్లి తిట్టడం ఆపలేదు. తిడుతూనే, నడిచొచ్చిన కాళ్లకు వేడినీళ్లు తెచ్చి పెట్టింది.

సోమవారం పొద్దున్నే రెడ్యా ఇస్త్రీ చొక్కా వేసుకుని మెయిన్ రోడ్డుకు నడిచాడు. కారు తుడిచాడు. వెనక సీటు మీదున్న మెత్తటి దిండు తీసి డిక్కీలో పడేశాడు. ఎనిమిదిన్నరకల్లా కొత్తగూడెంలో ఒక ఇంటి గేటు ముందు నిలబడ్డాడు.

ఎప్పటిలాగే అతను వంగి తలుపు తీయగానే, మూడేళ్లుగా తనిఖీకి వెళ్తూ ఈ వెనక సీట్లోనే కునుకు తీసి లేచి తండా రోడ్డు బ్రహ్మాండంగా ఉందని సంతకం పెడుతున్న ఇంజినీరు గారు ఆవులిస్తూ ఎక్కి కూర్చున్నారు.