తగ్గించిన వేలు

మళ్ళీ తగ్గింది.

పాట మంచి ఊపులో ఉండగా గిటారు గొంతు సన్నబడిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత మామూలే.

గిటారిస్టుకి ఒళ్ళు మండింది.

ఉన్నదంతా ఊడ్చి కొన్న గిటారు అది. ఊరికే మీటితే చెక్క గిటారులా తియ్యగా పలుకుతుంది. స్విచ్చి తిప్పితే ఎలక్ట్రిక్ గిటారులా హోరెత్తిస్తుంది. దాన్ని కింద పెడితే కందిపోతుందేమో అన్నట్టు చూసుకునేవాడు. అలాంటిది, హోటల్లో కచేరీ జరిగిన ప్రతి సాయంత్రం మధ్యమధ్య నీరసపడిపోతోంది.

వైరు మార్చాడు. బ్యాటరీ మార్చాడు. చివరికి రిపేరు షాపుకి పట్టుకెళ్ళాడు.

"దీనికి ఏ రోగమూ లేదు బాబూ. నిక్షేపంగా ఉంది," అన్నాడు షాపాయన.

ఆ సాయంత్రం వాయిస్తూనే హాలు చివరికి చూశాడు. అక్కడ ఒక్కో వాయిద్యం గొంతూ పెంచి తగ్గించే సౌండు మిక్సరు ముందు ఓ పెద్దాయన కూర్చుంటాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడని బ్యాండువాళ్ళు ఆయనకి మూగయ్య అని పేరు పెట్టారు.

మిక్సరు మీట మీద మూగయ్య వేలు మెల్లగా కిందికి జారింది. గిటారు గొంతు సన్నబడింది.

దొంగ దొరికాడు!

పాట అవగానే వెళ్ళి నిలదీశాడు.

"నా గిటారంటే ఎందుకండీ మీకంత కడుపుమంట?"

"గిటారు మంచిది బాబూ. రోజూ పొద్దున్నే కాసేపు నిదానంగా సాధన చేసుకో."

"పాఠాలు నాకు చెప్పకండి!"

తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాడు.

"శనివారం నన్ను వినడానికి పెద్ద సంగీత దర్శకుడు వస్తున్నాడు. ఆయనకి నచ్చితే స్టూడియోలో ఉద్యోగం. నా బతుకంతా దాని మీదే ఉంది. ఆ మూగయ్యో నేనో తేల్చండి."

"ఒంట్లో బాగోలేని మనిషయ్యా. ఈ వయసులో ఎక్కడికి పోతాడు?"

"అది నాకెందుకు?"

మర్నాటి నుంచి మూగయ్య కుర్చీ ఖాళీ.

శనివారం మిక్సరు దగ్గర కొత్తవాడు కూర్చున్నాడు. గిటారు ఎక్కడా తగ్గలేదు. మొదటి నుంచి చివరిదాకా హాలంతా అదే మోగింది.

సంగీత దర్శకుడు కాఫీ సగంలో వదిలేసి, మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

గిటారిస్టు ఇంటికొచ్చి, ఆ సాయంత్రం ఫోనులో రికార్డు చేసుకున్న పాట విన్నాడు. తన వేళ్ళు తీగ తప్పి పడుతున్నాయి. ఒకచోట కాదు, చాలా చోట్ల. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

పాత రికార్డింగు పెట్టాడు. అదే పాట. ఇవాళ తప్పు పడ్డ చోటికి రాగానే గిటారు గొంతు సన్నబడింది. చెవి రిక్కించి విన్నాడు. అదే తప్పు, వినీ వినపడకుండా ఉంది.

గుండె చివుక్కుమంది. తెల్లవారగానే గిటారు భుజాన వేసుకుని మూగయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. కాళ్ళు పట్టుకునైనా వెనక్కి తెచ్చుకోవాలి.

ఆయన భార్య తలుపు తీసింది.

"మొన్న పోయారు బాబూ," అంది. భుజాన గిటారు చూసి ఆగింది. "ఆ గిటారబ్బాయివి నువ్వేనా?"

తలూపాడు.

"నీ గురించే చెప్పేవారు. 'ఒకప్పుడు నేనూ గిటారు వాయించినవాణ్ణే. పెద్దవాళ్ళు వినడానికొచ్చిన రోజున నా తప్పులు దాచేవాళ్ళు లేకపోయారు, వీడికైనా నేనుంటాను' అనేవారు బాబూ."