మళ్ళీ తాత

"వాష్," అంది ఇస్త్రీ అక్క.

పక్కన కూర్చున్న ముసలాయన దాని జోడీ మాట చెప్పాలి. నిన్న ఉతికాను అని ఇంగ్లీషులో చెప్పడానికి వాడే మాట.

మూతి దాకా చుట్టుకున్న మఫ్లరు వెనక ఏదో కదిలింది. ఎంతసేపు కదిలినా మాట బయటికి రాలేదు.

"మళ్ళీ," అన్నాడు చివరికి.

క్లాసంతా గొల్లుమంది.

మొదటిరోజు పేరు అడిగితే కూడా "మళ్ళీ" అనే చెప్పాడు. ఆ పూటే మళ్ళీ తాత అయి కూర్చున్నాడు.

"జోడీలో ఒకరు తప్పితే ఇద్దరూ మొదటి పది మాటలూ, వాటి జోడీ మాటలూ మొదటినుంచి చదవాలి. రూలు రూలే," అన్నారు మాస్టారు.

ఇస్త్రీ అక్కకి ఒళ్ళు మండిపోయింది.

పెద్ద హోటల్లో బట్టలుతికే విభాగం ఆమెది. పన్నెండేళ్ళుగా ఆవిరి గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఇప్పుడు దగ్గితే ఊపిరి అందదు. ఆ గది వదలకపోతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

పై అంతస్తులో దుప్పట్లు సర్దే గదిలో ఒక్క ఖాళీ ఉంది. దానికి ఒకటే షరతు. నిన్న జరిగిన పనంతా మేనేజరుకి ఇంగ్లీషులో చెప్పగలగాలి.

పరీక్ష సోమవారం. ఈరోజు గురువారం.

ఈ తాత పుణ్యమా అని నెల రోజులుగా ఆమె మొదటి పది మాటలు దాటలేదు.

"సార్, నా జోడీ మార్చండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆయన పక్కన కూర్చోమంటే ఎవరూ ఒప్పుకోవట్లేదమ్మా. కానివ్వండి, మొదటినుంచి."

ఇస్త్రీ అక్క పళ్ళు నూరుకుంది. తన పుస్తకం తెరిచింది.

పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల కుప్పలో దొరికింది అది. అట్టలు లేవు, ముందు పేజీలు లేవు. మాస్టారు గంట చెప్పినా ఎక్కనిది అందులో రెండు ముక్కల్లో ఎక్కేది. ప్రతి పాఠం కింద ఒక ధైర్యం మాట కూడా ఉండేది. కన్నతండ్రి కూడా తనకి ఇంత ఓపిగ్గా ఏదీ చెప్పలేదు అనుకునేది.

"వాష్," అంది పళ్ళ మధ్యనుంచి.

"మళ్ళీ."

"వాష్!"

తాత ఆమె పుస్తకం వైపు చూశాడు. చెయ్యి చాపి ఆ పేజీ మీద వేలు పెట్టబోయాడు.

"ముట్టుకోకు!" పుస్తకం లాగేసుకుంది. "నా నోటి దగ్గర కూడు లాక్కున్నది చాలు. ఇప్పుడిది కూడా కావాలా?"

నవ్వులు ఆగిపోయాయి.

"కాటికి కాళ్ళు చాపుకుని ఇంగ్లీషు నేర్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తావయ్యా? రాకపోతే ఇంట్లో కూర్చో. నీకెన్ని మళ్ళీలైనా ఉంటాయి. నాకు సోమవారం దాటితే మళ్ళీ లేదు!"

"అమ్మా, పెద్దాయన..." అన్నారు మాస్టారు.

"పెద్దాయనైతే? పెద్దాయన వచ్చి నా దగ్గు దగ్గుతాడా?"

తాత మెల్లగా లేచాడు. మఫ్లరు సర్దుకున్నాడు. బెంచీ కింద సంచి కూడా మరిచిపోయి, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

పీడ విరగడైంది అనుకుంది ఇస్త్రీ అక్క.

సోమవారం ఇస్త్రీ అక్క మేనేజరు ఎదురుగా నిలబడింది. నేర్చుకున్నదంతా ఆవిరైపోయింది. మొదటి మాటే తప్పు పలికింది.

అప్పుడు పుస్తకంలో ప్రతి పాఠం కింద ఉండే వాక్యం కళ్ళముందు కదిలింది.

'తప్పు వస్తే సిగ్గుపడకు. మళ్ళీ చెప్పు.'

కళ్ళు మూసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది.

వాష్డ్. సోక్డ్. డ్రైడ్. ఐరన్డ్. ఫోల్డెడ్.

అవే పది మాటలు. ఆ తాత మూలంగా నెల రోజులు తిప్పి తిప్పి చెప్పిన పది మాటలు వాటంతటవే బయటికొచ్చాయి. మేనేజరుకి కావలసిందీ అవే.

మర్నాడు పై అంతస్తు పని దొరికిందన్న కబురు చెబుదామని క్లాసుకి పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో ఎవరో నడివయసు ఆవిడ నిలబడి ఉంది.

"మా నాన్నగారి సంచి ఇక్కడ ఉండిపోయిందట. మఫ్లరు కట్టుకుని వస్తారు, ఆయనే."

"ఆయన రావడం లేదేమండీ?" ఇస్త్రీ అక్క గొంతు ఎందుకో తగ్గింది.

"ఇంక రారు. పక్షవాతం వచ్చి మూతి పక్కకి పోయింది, నలుగురూ చూస్తారని మఫ్లరు. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. నలుగురిలో కూర్చోబెట్టి మాట్లాడించమన్నారు డాక్టరు. ఎక్కడికి వెళ్తావు నాన్నా అంటే ఈ క్లాసు బోర్డే చూపించారు."

"ఎలా ఉన్నారిప్పుడు?"

"గురువారం నుంచి ఆ ఒక్క మాటా రావట్లేదు తల్లీ. ఏం జరిగిందో చెప్పడానికి ఆయనకి మాట లేదు కదా."

ఇస్త్రీ అక్క పిడికిలి బిగించింది. గోళ్ళు అరచేతిలో దిగాయి. ఈసారి కోపం చూపించడానికి ఎదురుగా ఎవరూ లేరు.

వంగి బెంచీ కింద సంచి అందుకుంది. అందులోంచి ఒక పుస్తకం జారి నేలమీద పడింది.

తెరుచుకున్న పేజీలో పాఠం తనకి కంఠతా వచ్చినదే. తన పుస్తకమే. కాకపోతే దీనికి అట్టలున్నాయి.

వెనక అట్ట మీద, రచయిత అన్న అక్షరాల పైనున్న ఫొటోలో, నల్లటి జుట్టుతో, ఏ వంకరా లేని నోటితో నవ్వుతున్నది మళ్ళీ తాతే.