కొలిచి కుట్టిన బ్యాగు

“మళ్ళీ పార్సిలా? రొటొరువా పోస్టాఫీసు నీ మీదే బతుకుతున్నట్టుందే!” అన్నాను, నవ్వు పులుముకుని.

హూయా అట్టపెట్టె చించింది. కొండల్లో తిరిగేటప్పుడు సైకిలు ఫ్రేము మధ్య బిగించుకునే కొత్త బ్యాగు. చూడగానే నా కడుపు మండింది.

“ఏదీ, నీ సైకిలుకు పెట్టు.”

పట్టలేదు. నాలుగు వేళ్ళు పొడుగు.

నాకు లోపల పండగ. “ఫ్రేమును కాగితం మీద పెట్టి గీసి, బ్యాగు కుట్టేవాళ్ళకు పంపాలి కదే! అదీ చేతకాలేదా?”

“బాగానే గీశాను రావిరీ. నీ సైకిలుకు పెట్టి చూడు.”

అతికినట్టు సరిపోయింది. పోయిన నెల నా సైకిలు అడిగి తీసుకెళ్ళి, ఫ్రేముకు పెన్సిలు గీతలు అంటించి తెచ్చిందని తనను తిట్టిపోసిన సంగతి గుర్తొచ్చింది.

“నీకేరా,” అంది హూయా. “ఇకనైనా నా పార్సిళ్ళకేసి అలా చూడకు.”